శంభయ్య ఎద్దు దున్నించి చూసిన ఫోను

కోన అంచున, చెనిక్కాయల చేలు మొదలయ్యేచోట, ప్రతి బుధవారం జంతువుల సంత జరిగేది. అక్కడ చెంగల్రాయుడనే నక్క ఫోన్ల కొట్టు పెట్టాడు. ఓ బుధవారం పొద్దున్నే శంభయ్య ఎద్దు ఆ కొట్టు ముందు నిలబడ్డాడు.

శంభయ్య సరదాకి రాలేదు. గుట్టమీది కొట్టంలో అతని ఆలు కపిల ఆవు నిండు నెలలతో ఉంది. కిందటేడు ఆమెకు నొప్పులొచ్చినప్పుడు తను దిగువ మడిలో దున్నుతున్నాడు. కబురు అందేసరికి దూడ దక్కలేదు. ఈసారి దేవుడు చల్లగా చూస్తాడు సరే, పిలుపు అందుకోవలసింది మాత్రం తనే కదా అనుకున్నాడు.

"రా మామా," అంటూ నక్క మెరిసే ఫోను ఒకటి ముందుకు చాపాడు. " అద్దంలా ఎలా మెరుస్తోందో చూడు. చందమామ మీది మచ్చ కూడా ఫొటోలో పడుతుంది. ఏడాదిపాటు నా బండి లాగావంటే నీదే."

"ఆ మూలనున్నదో?"

"ఆ బొత్తాల మొద్దు ఫోనా? పది రోజులు లాగితే చాలు. నీలాంటి పెద్దాయన మెడలో అదేం బాగుంటుంది? నలుగురూ నవ్వరూ?"

"చందమామతో నాకేం పని అల్లుడూ? తెల్లారి కాడి ఎత్తుకుంటే పొద్దుగూకాకే దించేది. మధ్యలో చార్జింగు పెట్టే చోటుండదు. గిట్టల నిండా బురద. మెడగంటల మోతలోనూ పిలుపు నాకు వినపడాలి."

"అన్నీ దీంట్లో ఉన్నాయంటున్నాగా."

"ఉండొచ్చు. నన్ను సంతలో నాలుగుసార్లు అమ్మారు. కొమ్ముల రంగు చూసి ఒక్కడూ కొనలేదు. కాడి కట్టి, రెండు చాళ్లు తోలించి, అప్పుడు పగ్గం పట్టుకున్నారు. అమ్మేవాడు పక్కనే నడిచేవాడు. ఈ ఫోన్లనీ ఒక పూట దున్నిస్తాను. రెండూ నా మెడలో కట్టి, నువ్వూ రా."

మూగిన కుందేళ్లు కిసుక్కుమన్నాయి. నలుగురిలో తగ్గడం చెంగల్రాయుడికి నచ్చలేదు. "దున్నించు మామా. ఈ మెరిసేది నీ పనికి రాకపోతే ఆ మొద్దును ఊరికే ఇచ్చేస్తా" అనేశాడు. నోరా వీపుకు దెబ్బలు తేకే అన్నారు పెద్దలు. నక్కకు ఆ మాట గుర్తురాలేదు.

కొట్టంలో కపిలకు తోడున్న మేక పిన్నికి శంభయ్య కొట్టులోంచే ఫోను చేయించి రెండు నంబర్లూ చెప్పాడు. "నొప్పులు మొదలైతే రెంటికీ చెయ్యి పిన్నీ" అన్నాడు.

దిగువ మడిలో మొదటి చాలు తిరిగేసరికే నక్కకు ఊరుకోబుద్ధి కాలేదు. మెరిసే ఫోను విప్పి తీసుకున్నాడు. "ఇదిగో, నువ్వు. ఇదిగో, ఆ కొంగలు" అంటూ ఫొటోలు తీశాడు. తన తోకను ఇరవైసార్లు తీసుకున్నాడు. ఎండకు తెర కనపడక వెలుగు పూర్తిగా పెంచాడు.

"చార్జింగు ఉందా అల్లుడూ?"

"బోలెడు."

శంభయ్య దున్నుకుంటూ పోయాడు. మధ్యాహ్నం దాటాక మెడగంటల్ని మించి మొద్దు ఫోను మోగింది. బురద గిట్టతోనే బొత్తాం నొక్కాడు.

"ఉమ్మనీరు పోయింది నాయనా, తొందరగా రా" అంది మేక పిన్ని.

"నీది మోగలేదేం?" అని అడిగాడు శంభయ్య, కాడి విదిలించుకుంటూ. నక్క చార్జింగు అయిపోయి నల్లబడిన తెరను రుద్దాడు.

శంభయ్య కొట్టం చేరేసరికి కపిల కడుపులో దూడ కాలు అడ్డం తిరిగి ఉంది. మేక పిన్ని దాని కాలు సరిచేసి తాడు వేసింది. శంభయ్య నొప్పి నొప్పికీ నిదానంగా లాగాడు. కాసేపటికి ఎర్రటి పెయ్యదూడ గడ్డిమీద పడి తుమ్మింది. కపిల దాన్ని నాకడం మొదలుపెట్టింది.

అప్పటికి చెంగల్రాయుడు రొప్పుతూ గుట్టెక్కాడు. "మామా, ఆ మొద్దు ఫోను..."

"నా మెడలోనే ఉండనీ. నలుగురిలో నువ్వన్న మాటే."

"మరి నా బండి?"

"నువ్వే లాక్కో అల్లుడూ. నాకిక్కడ బాలెంత ఉంది."

కొనబోయే వస్తువుకు ముందు మన పని అప్పగించి చూడాలి.