తొర్రలో ఎండపాట

ఒకప్పుడు తేనెటీగలకు చప్పుడే లేదు. వచ్చి వాలితే పువ్వుకు కూడా తెలిసేది కాదు. చెవి పక్కనుంచి దూసుకుపోయినా ఎవరూ తల తిప్పేవారు కాదు. మాటలు వచ్చు గానీ గుసగుసగానే మాట్లాడుకునేవి. రెక్కలు కూడా పిల్లి అడుగుల్లా మెత్తగా ఆడించేవి.

అదంతా ఎలుగుబంటి భయం. ఎలుగుబంటి చిన్న చప్పుడు విన్నా చాలు, చెట్టెక్కి, తొర్రలో చెయ్యి పెట్టి, పట్టుకు పట్టే పీకేసేది. అందుకని తేనెటీగల ముత్తవ్వలు ఒక కట్టడి పెట్టారు: "తొర్రలో ఎవరూ గొంతెత్తకూడదు. నోరు మూసుకుని పనిచేసుకోవాలి."

ఆ కట్టడిని అందరికంటే గట్టిగా పట్టుకున్నది గైరమ్మ.

మన్యం కొండల మీద ఒక పెద్ద మద్దిచెట్టు ఉండేది. దాని తొర్రలో ఉన్న తేనెటీగల గుంపుకు గైరమ్మ పెద్ద. రాణి గుడ్లు పెట్టేది. మిగతా సంసారమంతా గైరమ్మ చూసేది. అందరికంటే ముందు లేచి గుమ్మం ఊడ్చేది. అందరూ తాగాక తేనె తాగేది, అదీ కొంచెమే. నవ్వితే పని చెడుతుందని దాని నమ్మకం. అందుకే అది నవ్వగా చూసినవాళ్ళు లేరు.

అలాంటి ఇంటికి పోలి వచ్చి చేరింది.

పోలి సముద్రపు ఒడ్డున జీడితోటలో పుట్టిన ఈగ. గాలివానకు దాని గుంపు చెదిరిపోతే తిరిగి తిరిగి కొండెక్కింది. మంచి పనిమంతురాలే. కానీ ఉన్నట్టుండి కూనిరాగం తీసేది.

"ఓసే పోలీ, మళ్ళీనా!" అని గైరమ్మ కసిరేది.

"నేనేం చేశాను పెద్దమ్మా? నోరు తెరవనే లేదు."

"మరి ఆ సన్నాయి ఎక్కడిదే?"

"కడుపులోంచి వచ్చేసింది పెద్దమ్మా, ఆపేలోపే!"

చుట్టూ ఉన్నవి కిసుక్కుమనేవి. గైరమ్మ ఒక్క చూపు చూస్తే మళ్ళీ ఎవరి పనిలో అవి పడేవి.

ఇలా ఉండగా చలికాలం వచ్చింది. లోయలోంచి పొగమంచు ఒళ్ళు విరుచుకుంటూ లేచింది. చెట్లన్నిటినీ కప్పేసి, తొర్ర గుమ్మం ముందు చతికిలబడింది.

"ఇక పొద్దు లేదు, గిద్దు లేదు. నేను లేచేదాకా మీరూ లేవక్కర్లేదు," అంది.

ఆ ఏడు పొద్దు నిజంగానే కనిపించలేదు. కొండవాలు నిండా పచ్చగా వలిసె పూలు పూసి ఉన్నాయి. కానీ దారి కనిపించక ఈగలు గుమ్మం దాటలేకపోయాయి. లోపల చీకటి, ముసురు, చలి. ఒకదాని ముఖం ఒకటి చూడబుద్ధి కాలేదు. ఒక్కొక్కటీ ఒక్కో ఖాళీ గదిలో తల దూర్చుకుని పడుకుంది.

పెద్దవాటి సంగతి సరే. పట్టు నడిమధ్య గదుల్లో పిల్లలున్నాయి. ఇంకా రెక్కలు రాని తెల్లటి పిల్లలు. అవి చలికి ముడుచుకుపోతున్నాయి. పాలు పోస్తే మింగడం లేదు. ఇవి పోతే మళ్ళీ పొద్దు పొడిచేసరికి తొర్రలో ఎగిరేవాళ్ళే ఉండరు. ఇల్లు అక్కడితో సరి.

గైరమ్మ ఒక్కో గదీ తడిమి చూసింది. దిగులు పుట్టింది. కానీ పైకి తేలనివ్వలేదు.

"లేవండి! గుమ్మం దగ్గర వరసగా నిలబడండి. రెక్కలతో విసరండి. ఈ పొగమంచును బయటికి తోసేద్దాం," అంది.

ఎండాకాలంలో లోపల ఉక్కపోస్తే తేనెటీగలు చేసే పని అదే. గుమ్మం దగ్గర నిలబడి విసిరితే ఇల్లు చల్లబడుతుంది. గైరమ్మకు తెలిసిన వైద్యం అదొక్కటే. ఉక్కకు పనిచేసిన మందు చలికి కూడా పనిచేస్తుందనుకుంది.

అన్నీ విసిరాయి. శక్తికొద్దీ విసిరాయి. లోపల ఉన్న కాస్త వెచ్చదనం కూడా బయటికి పోయింది. ఖాళీ అయిన చోటులోకి పొగమంచు సంతోషంగా దూరింది.

"పిలిచారా? ఇదిగో వచ్చేశా! ఇంత మర్యాద ఎవరూ చెయ్యలేదమ్మా నాకు," అంది.

"ఆపండి! ఆపండి!" అని గైరమ్మ అరిచింది. అరిచాక, గొంతెత్తానే అని తనే నాలిక కరుచుకుంది.

ఆ దిగులులో ఉండగా మళ్ళీ సన్నగా రాగం వినిపించింది. పోలి ఒక మూల కూర్చుని కళ్ళు మూసుకుని ఊగుతోంది.

గైరమ్మకు ఒళ్ళు మండింది. "ఇల్లు మునిగిపోతుంటే నీకు పాటలా? సిగ్గు లేదూ?"

"పెద్దమ్మా, కళ్ళు మూసుకుంటే మా ఊరి ఎండ కనిపిస్తుంది. తళతళలాడే ఇసుక, దాని మీద ఎండ. పాడుతుంటే ఈ చీకట్లోనూ అక్కడే ఉన్నట్టుంటుంది."

"కలలు కంటే కడుపు నిండుతుందా? పని తప్పించుకునే ఎత్తులివి. పో, పిల్లల గదుల మీద కూర్చో. కదిలావంటే ఊరుకోను. గొంతు వినిపించిందా, గుమ్మం బయటికి గెంటుతాను!"

పోలి వెళ్ళి పిల్లల గదుల మీద కూర్చుంది. పాడకుండా ఉండలేదు, పాడితే గెంటేస్తారు. ఏం చేస్తుంది? రెక్కలు గట్టిగా ముడుచుకుంది. రొమ్మును గదుల అంచులకు ఆనించింది. ఎవరికీ వినిపించకుండా, భుజాలు మాత్రం అదిరేలా లోలోపలే పాడుకుంది.

కాసేపటికి గైరమ్మ పాలు పట్టడానికి వచ్చింది. ఆ చివరి గదుల్లో పిల్లలు ఎప్పటిలాగే ముడుచుకుని ఉన్నాయి. ఈ చివర, పోలి కూర్చున్న చోట, పిల్లలు ఒళ్ళు సాగదీసి, నోళ్ళు తెరిచి పాలకోసం చూస్తున్నాయి.

గైరమ్మ గదికి చెంప ఆనించి చూసింది. వెచ్చగా ఉంది.

"ఏం చేశావే ఇక్కడ?"

పోలి వణికిపోయింది. "గెంటెయ్యకు పెద్దమ్మా! రెక్కలు ముడుచుకునే పాడాను. ఎవరికీ వినపడలేదు."

"ఆపు."

పోలి ఆపింది. చూస్తుండగానే గదులు చల్లబడ్డాయి.

"ఊఁ, పాడు."

పోలి పాడింది. గదులు మళ్ళీ వెచ్చబడ్డాయి.

తప్పు తనదని తెలిశాక దాన్ని పట్టుకుని వేలాడే రకం కాదు గైరమ్మ. తల ఎత్తి, "అందరూ ఇటు రండి!" అంది. "గదులు వదిలెయ్యండి. పిల్లల చుట్టూ ఒత్తుకుని కూర్చోండి. రెక్కలు ముడవండి. ఇవాళ్టినుంచి మనం పాడుతున్నాం."

తొర్రంతా నివ్వెరపోయింది.

"పాటా?" అంది సోములమ్మ. అది తిండిపోతు ఈగ, ముసలిది. "నాకు పాట రాదమ్మా. ఆవలింతలు వచ్చు."

"పాట కాదు, పని!" అంది గైరమ్మ. "పోలి చెబుతుంది, అందరూ అనండి."

పోలి అందుకుంది.

"ఇసుక మీది ఎండమ్మా, ఇటు రావమ్మా,
జీడిపూల తోట దాటి కొండెక్కమ్మా,
అలలతోటి ఆటలింక చాలు చాలమ్మా,
మా పిల్లల పక్కలోన పడుకోవమ్మా!"

అబ్బ, ఏం పాట! ఒకటి ముందు, ఒకటి వెనక. ఒకటి కీచుమంటే ఒకటి బొంగురు. సోములమ్మకు మాటలు గుర్తుండక "ఝుం, ఝుం" అని ఊరుకుంది. అదే సులువుగా ఉందని పక్కదీ అలాగే అంది. దాని పక్కదీ అంది. చివరికి తొర్రంతా ఒకటే ఝుం.

"పోలీ, సముద్రం అంటే ఏంటే?" అని ఒకటి అడిగింది.

"ఎండను తాగి తాగి మెరిసిపోయే నీళ్ళు."

అవి సముద్రాన్ని చూడలేదు. అందుకని ఎవరికి తెలిసిన ఎండ అవి తలుచుకున్నాయి. సోములమ్మ మామిడి పూత మీది ఎండను తలుచుకుంది. గైరమ్మ చైత్రంలో ఇప్పపూలు రాలిన నల్లబండ మీది ఎండను తలుచుకుంది. తలుచుకోగానే దాని ముఖంలో ఏదో కదిలింది. అది నవ్వు. చీకట్లో ఎవరూ చూడలేదు, మంచిదయింది.

ముద్దగా చేరిన గుంపు లోపల హాయిగా ఉంది. బయటి వరసలో ఉన్నవాటికి మాత్రం వీపులు గడ్డకడుతున్నాయి.

"జరగండమ్మా, మేమూ లోపలికి వస్తాం!"

"ఆగవే, చరణం మధ్యలో ఉన్నాను," అంది నడిమధ్యన సోములమ్మ.

"పొద్దుటినుంచీ నీ చరణం అవలేదా?"

గైరమ్మ లోపలినుంచి లేచింది. "పాట ఎవరి సొత్తూ కాదు, వెచ్చదనమూ కాదు. చరణం అయ్యాక లోపలివాళ్ళు బయటికి, బయటివాళ్ళు లోపలికి. ముందు నేను వెళుతున్నాను," అని అందరికంటే వెలుపల, గుమ్మానికి ఎదురుగా, పొగమంచు తగిలే చోట కూర్చుంది. పెద్ద అలా చేశాక సోములమ్మ ఏమంటుంది? గొణుక్కుంటూ లేచింది.

రోజులు గడిచాయి. పిల్లలు తెల్లగా, బొద్దుగా ఎదిగాయి. తొర్రలో దిగులు పోయింది. ముసురు ఉన్నా లేనట్టే ఉంది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి చెట్టు ఊగింది. బరబర గోళ్ళ చప్పుడు. గుమ్మంలోంచి ముక్కిన బొచ్చు వాసన లోపలికి కొట్టింది.

ఎలుగుబంటి!

పాట ఠక్కున తెగిపోయింది. అన్నీ గైరమ్మవైపు చూశాయి. "మనం విన్న కట్టడి నిజమే పెద్దమ్మా," అని ఒకటి వణికింది. "పాడాం, పట్టుబడ్డాం. ఇక ఊపిరి కూడా తియ్యొద్దు."

గైరమ్మ గుమ్మం దగ్గరే ఉంది. ఎలుగుబంటి నల్లటి ముక్కు దానికి ఎదురుగానే ఉంది. చప్పుడు చేస్తే అది పట్టు పీకేస్తుందేమో. చప్పుడు ఆపితే, అది కదిలేదాకా పిల్లలు ఉండవు. ఇప్పుడే చల్లబడుతున్నాయి. ముత్తవ్వల కట్టడి ఒకపక్క, పిల్లలు ఒకపక్క.

"ముత్తవ్వలు కట్టడి పెట్టింది పిల్లలు బతకాలనే," అంది గైరమ్మ. "పాడండి! గొంతు దాచుకోవద్దు!"

తనే ముందు అందుకుంది. దాని గొంతు మోటుగా, తుప్పు పట్టిన తలుపులా ఉంది. దానికి పోలి కలిసింది. తరవాత అన్నీ కలిశాయి. ఝుమ్మ్మ్! తొర్ర మోగింది, మాను మోగింది, వేళ్ళదాకా అదిరింది.

ఎలుగుబంటి గతుక్కుమంది. మెల్లగా చెవి ఆనించింది. లోపల ఉరుము. పంజాతో బెరడు తడిమింది. ఇంత చలిలోనూ వెచ్చగా ఉంది!

"అమ్మబాబోయ్! వానాకాలంలో పడ్డ పిడుగు ఇక్కడ దూరి పడుకున్నట్టుంది. లేపితే బొచ్చు కూడా మిగలదు!" అంటూ జర్రున జారి, కింద పడి, లేచి, వెనక్కి చూడకుండా పరుగెత్తింది.

సోములమ్మ పగలబడి నవ్వింది. పోలి నవ్వింది. అందరూ చూస్తుండగా గైరమ్మ కూడా నవ్వింది. "చాల్లే, చరణం మధ్యలో ఆపుతారా?" అని వెంటనే గద్దించింది.

పొగమంచుకు విసుగు పుట్టింది. "ఈ ఇంట్లో నాకు మర్యాద తగ్గింది," అని గొణుక్కుంటూ లోయలోకి దిగిపోయింది. పొద్దు పొడిచింది. గదుల మూతలు కొరుక్కుని కొత్త ఈగలు బయటికి వచ్చాయి. పుట్టకముందునుంచీ విన్న పాట కదా, నేర్పకుండానే వచ్చేసింది. ఝుమ్మంటూ ఎగిరి వలిసె పూల మీద వాలాయి. పూలు ఉలిక్కిపడి, "ఎవరమ్మా మీరు? చప్పుడు చేస్తూ వస్తున్నారే!" అన్నాయి.

పిల్లలూ, కూర్చుని పాడుకుంటే పొద్దు పోతుంది. పనిలో పాడితే పని సాగుతుంది. పక్కవాడికి కూడా చోటిచ్చి పాడితే ఇల్లే నిలుస్తుంది. గైరమ్మ ఆలస్యంగా నేర్చుకున్నా సరిగ్గా నేర్చుకుంది.

అప్పటినుంచే తేనెటీగలు ఎక్కడికి వెళ్ళినా ఝుమ్మంటూ వెళతాయి. చలికాలంలో పొద్దు కనిపించని రోజున పట్టు చుట్టూ ముద్దగా చేరి, రెక్కలు ముడుచుకుని, భుజాలు మాత్రం అదిరిస్తూ పాడుతూనే ఉంటాయి. లోపలివి బయటికి, బయటివి లోపలికి మారుతూనే ఉంటాయి.