మలుపులో పోయిన పావు చుట్టు

విశాఖపట్నంలోని ఒక కాలేజీలో సోమశేఖరం అనే భౌతికశాస్త్ర పరిశోధకుడు ఉండేవాడు. లెక్కల్లో దిట్ట, కానీ చిన్న విషయమంటే అతనికి మహా చులకన.

ఒక అణువులో అటూ ఇటూ ఊగే కణానికి ఏయే శక్తులు ఉండవచ్చో అతను లెక్కగట్టాడు. ఆ కణం నిజానికి ఒక అల. అలకు గడియారం ముల్లులాంటిది ఒకటి ఉంటుంది, దాన్నే ఫేజ్ అంటారు. అల సాగేకొద్దీ ముల్లు తిరుగుతుంది. కణం ఊగే దారిలో రెండు కొసలూ చుట్టి వచ్చేసరికి ముల్లు మొదటి చోటికే చేరితే ఆ శక్తి నిలుస్తుంది. చేరకపోతే అల తనను తానే చెరిపేసుకుంటుంది.

అవే శక్తులను అదే కాలేజీలో పెద్దావిడ నరసమ్మగారు ల్యాబులో మూడేళ్ళు కష్టపడి కొలిచారు. ఒక్కో శక్తికి ఒక్కో గీత చొప్పున ఇద్దరూ పటాలు గీస్తే, ఆమె గీతలన్నీ సరిగ్గా అతని గీతల నడుమ పడ్డాయి. వచ్చే సోమవారం సమావేశంలో ఇద్దరిలో ఒకరి పని చెత్తబుట్టలో పడేస్తానని డిపార్ట్‌మెంట్ హెడ్ తేల్చిచెప్పారు.

శేఖరం ల్యాబుకు వెళ్ళి, పరికరం విప్పి చూసుకోమని ఆమెకు సలహా ఇచ్చాడు. ఆమె అప్పటికే నాలుగుసార్లు విప్పారు.

"పరికరం పాడైతే గీతలు ఎలా పడితే అలా పడాలి. అన్నీ సగం దగ్గరే ఎందుకు పడ్డాయి నాయనా? కొసన వెనక్కి మళ్ళేటప్పుడు నీ ముల్లు ఏం చేస్తుంది?"

"మళ్ళడమేగా మేడమ్. ఒక్క క్షణం పని. వదిలేశాను."

"ఆటోవాడు కూడా బండి తిప్పడానికి జాగా చూసుకుంటాడయ్యా."

శేఖరానికి ఒళ్ళు మండింది. ఆవిడదే తప్పని నిరూపించాలని ఆ మలుపు ఒక్కదాన్నే కాగితం మీద పెట్టాడు. బంతి అయితే కొసన ఆగి తిరిగొస్తుంది. అల అలా ఆగదు, హద్దు దాటి కాస్త లోపలికి చొరబడి వస్తుంది. ఆ రాకపోకల్లో ముల్లు పావు చుట్టు వెనకబడుతుంది. కొసలు రెండు. మొత్తం అర చుట్టు. అది కలపగానే అతని గీతలన్నీ సగం మెట్టు పైకి, సరిగ్గా ఆమె గీతల చోటికి జరిగాయి.

సోమవారం అందరి ముందూ తప్పు తనదేనని చెప్పి, రెండు పటాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. ఇరవైరెండు గీతలు, ఇరవైరెండూ అతికినట్టు కూర్చున్నాయి. హాలంతా చప్పట్లు మోగాయి. హెడ్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇప్పుడు ఎవరిది చెత్తబుట్టలో వేద్దామండీ?" అని నరసమ్మగారు తాపీగా అడిగారు.

నీతి: ఎదుటివారి పనిలో తప్పు వెతికే ముందు, చిన్నదే కదా అని మన పనిలో మనం వదిలేసినదాన్ని వెతుక్కోవాలి.