తట్టుకునే రకం

దిగువ తోకలపల్లెలో రెడ్డెప్పకు తన ఇంటి తెలివి మీద మహా గర్వం. ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా చేసే ఇల్లు జిల్లాలో తమదొక్కటేనని మీసం దువ్వేవాడు. పెళ్ళాం మునెమ్మ, తమ్ముడు ఎంగటప్ప అవునవునని తలలూపేవాళ్ళు.

ఆ ఏడు వాళ్ళ టమోటా చేను వాడు ముఖం పట్టింది. మొక్క పీకి చూస్తే వేళ్ళ నిండా బుడిపెలు. చేను కౌలుది. ఈసారి కాపు రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని చేను గల చలపతి నాయుడు ముందే చెప్పేశాడు. నాయన దున్నిన చేను చేజారిపోతుందన్న బెంగతో రెడ్డెప్పకు ముద్ద దిగలేదు. వ్యవసాయాఫీసులో హేమలత మేడమ్ దగ్గరికి పరిగెత్తాడు.

మేడమ్ ఓపిగ్గా చెప్పింది. కంటికి కనపడని నులిపురుగులు వేరులో దూరి ఉమ్మేస్తాయట. ఆ ఉమ్మి మొక్క జన్యువులను, అంటే వంశంలో వచ్చే గుణాలను, ఏమారుస్తుందట. పిచ్చి మొక్క మోసపోయి, వేరులోనే బుడిపె కట్టి, పురుగును కూర్చోబెట్టి మేపుతుందట. అందుకని ముందు సాళ్ళ మధ్య బంతి వెయ్యమంది.

అంతే. ఎంగటప్ప సంతలో ఇరవై రబ్బరు బంతులు కొనుక్కొచ్చి, జానెడు లోతున పాతి నీళ్ళు పెట్టాడు. వారమైనా ఒక్కటీ మొలవలేదు. మునెమ్మ నెత్తి కొట్టుకుంది.

"బంతి వేసేదంటే బంతి బోజనమబ్బా. పురుగొచ్చింది తినేదానికే గదా. కడుపునిండా పెడితే వేరు జోలికెందుకు పోతాది?"

సాళ్ళ పొడుగునా విస్తళ్ళు వేసి, సంగటీ పప్పూ వడ్డించి, మొహమాటపడొద్దని పురుగులను బతిమాలారు. ఇంకేముంది, మొదటి బంతికి ఊళ్ళో పందులన్నీ వచ్చాయి. రెండో బంతికి మేకలు. సగం చేను తొక్కుడుపాలైంది.

మేడమ్ వచ్చి చూసింది. బంతి అంటే వేరు పురుగును అణిచే పూలమొక్క అని చెప్పి, జాలిపడి నూరు టమోటా నారు మొక్కలు చేతిలో పెట్టింది. "ఇది తట్టుకునే రకం రెడ్డెప్పా. పురుగు ఎంత ఉమ్మినా దీని జన్యువు మోసపోదు. ఆ గుణం దీని వంశంలోనే ఉంది."

నాటిన మర్నాడే రెడ్డెప్ప పరీక్షకు దిగాడు. మొక్కమొక్క మీదుగా నడిచాడు. ఒక్కటీ కాలికి తట్టుకోలేదు. తట్టుకోనిది తట్టుకునే రకమెలా అవుతుంది? మేడమ్‌ను ఎవరో మోసం చేశారని నొచ్చుకుంటూ, తొంభైతొమ్మిది పీకేశాడు. నూరోది పీకేలోపు మునెమ్మ దానికి కర్ర ఊతం పాతింది. అప్పుడే చేను చూడ్డానికొచ్చిన నాయుడు ఆ కర్ర కాలికి తట్టుకుని బురదలో బోర్లా పడ్డాడు.

రెడ్డెప్పకు ఆనందంతో కళ్ళ నీళ్ళు తిరిగాయి. అసలు రకం దొరికిందని తమ్ముణ్ణి వాటేసుకున్నాడు. నాయుడు ముఖం మీది బురద తుడుచుకుని, "రేపట్నుంచి ఈ చేన్లో మీరు కాలు పెట్టేదానికి లేదు" అన్నాడు.

గండం గడిచిందనుకున్నాడు రెడ్డెప్ప. పెట్టొద్దన్నది కాలొక్కటే కదా. మోకాళ్ళ మీద పోదామంటే, మోకాలు కూడా కాలేనని ఎంగటప్ప గుర్తుచేశాడు. తెల్లారి ముగ్గురూ కాళ్ళు పైకి మడుచుకుని, పొట్టల మీద పాకుతూ కలుపు తీస్తుంటే మేడమ్ ఫోన్ చేసింది. చేన్లో పురుగులు ఇంకా ఉన్నాయా అని అడిగింది.

రెడ్డెప్ప తలెత్తి అటూ ఇటూ చూశాడు.

"ఇంకేం లేవు మేడమ్. పాకతా ఉండేది మేం ముగ్గురమే."