గెడ్డ దాటిన గొంతు

కొండలున్నాయి, వాగులూ గెడ్డలూ ఉన్నాయి, వంతెనలు మాత్రం ఇంకా పుట్టని కాలం. అప్పటి మాట ఇది, వినండి.

గుమ్మిమెట్ట అనే చిన్న ఊళ్లో సుక్రి మేకలు కాసుకుంటూ బతికేది. నా అన్నవాళ్లు లేరు. ఉన్నదల్లా గొంతే. ఆమె కేకేస్తే పక్క కొండ మీది మేకలు కూడా తలెత్తేవి. "ఓలమ్మా, మెల్లగా అరువే! పిల్లలు జడుసుకుంటన్నారు" అని ఊరంతా కసిరేది.

ఆ ఊళ్లో వైద్యం తెలిసినవాళ్లు లేరు. మంత్రసాని కాసులమ్మది గెడ్డకు అవతలి ఒడ్డు. ఎండాకాలంలో మోకాలి లోతు గెడ్డే. వానలు పడితే ఏనుగునైనా ఈడ్చుకుపోతుంది.

ఒక వానాకాలం ఆ ఊరి కోడలు బుద్రికి నొప్పులొచ్చాయి. తొలి కాన్పు. పొద్దున మొదలైన నొప్పులు, పొద్దు వాలుతున్నా తెమల్లేదు. చివరికి కనబడింది తల కాదు, బిడ్డ పాదం.

ఆడవాళ్ల మొహాల్లో నెత్తురు లేదు. బుద్రి మొగుడు ఆర్జు నడుముకు తాడు కట్టుకుని గెడ్డలోకి దిగాడు. తాడు తెగింది. ఎలాగో ఒడ్డున పడ్డాడు. చెట్టు కొట్టి అడ్డం వేశారు. గెడ్డ చెట్టును ఎత్తుకుపోయింది.

"బుద్రిని డోలీలో గట్టు మీదికి తెండి. నాను కాసులమ్మని పిలిచి అడుగుతాను" అంది సుక్రి.

రాతిగట్టు మీద బుద్రి తడవకుండా తాటాకు గిడుగులు పట్టారు. సుక్రి పిలిచింది. గెడ్డ హోరు. మళ్లీ పిలిచింది. మళ్లీ హోరే. మూడోసారి పిలిస్తే అవతల గుడిసె తలుపు తెరుచుకుంది.

గాలి అటునుంచి వీస్తోంది. కాసులమ్మ మాట సన్నగా వచ్చింది.

"ఏటొత్తందే?"

"పాదమమ్మా! పాదం!"

"లాగొద్దు! ఎవరూ లాగొద్దు! మోకాళ్లు మడిచి గొంతుక్కూర్చోబెట్టండి!"

ఆర్జు చేతులు చాచాడు. "పట్టుకోనా?" అని ఏడ్చాడు.

"లాగొద్దంది!" అని అరిచింది సుక్రి.

బిడ్డ నడుము దిగింది. భుజాలు దిగాయి. ఒక్కోటీ దిగగానే సుక్రి గెడ్డకు ఎదురు అరిచింది. ఒక్కో మాటా తెచ్చి ఆడవాళ్లకు చెప్పింది.

"మెడ వెనక జుట్టు కనబడతందా?"

"కనబడతంది!"

"ఇప్పుడు ఒళ్లు పట్టుకుని పైకెత్తండి! నెమ్మదిగా!"

తల వచ్చింది. బిడ్డ నీలంగా ఉంది. కదల్లేదు, ఏడవలేదు.

"వీపు రుద్దండి!"

రుద్దారు. ఇంకా రుద్దారు. బుద్రి కళ్లు పెద్దవి చేసి చూస్తోంది. అప్పుడు, పిల్లికూనలాగా, ఒక చిన్న ఏడుపు.

"ఏడ్చిందా? సుక్రీ, ఏడ్చిందా?" అని అవతల కాసులమ్మ అడుగుతూనే ఉంది.

సుక్రి నోరు తెరిచింది. గొంతు రాలేదు. అందరూ కలిసి అరిచినా గెడ్డ మింగేసింది. సుక్రి బిడ్డను అందుకుని గట్టు అంచున నిలబడి, రెండు చేతులా పైకెత్తింది. అవతలి ఒడ్డున కాసులమ్మ నేల మీద కూలబడి, తనూ రెండు చేతులూ ఎత్తింది.

సుక్రికి మళ్లీ గొంతు రాలేదు. కసిరిన ఊరే రోజూ సాయంత్రం ఆమె మేకల్ని పిలిచిపెట్టింది, ఆమె పోయేదాకా.

ఇప్పుడక్కడ వంతెన ఉంది. అయినా ఆ కొండల్లో బిడ్డ పుడితే, పేరు పెట్టేముందు ఆ గట్టు మీదికి తెచ్చి పైకెత్తుతారు. అవతలి పొలాల్లోవాళ్లకు అది ఎవరి బిడ్డో తెలియదు. చేతిలో పని కింద పెట్టి, రెండు చేతులూ ఎత్తుతారు.