పూడిక తియ్యని చెలమ

నల్లగుట్టల అడవిలో జింకలు, కుందేళ్ళు, అడవిపందులు, ఏదుపందులు ఉండేవి. ఎండాకాలం వాగు ఎండిపోతే, వాగు ఇసుకలో తవ్విన చెలమ ఒక్కటే వాటికి దిక్కు. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. నీళ్ళు తాగిన ప్రతి జంతువూ వెళ్ళేముందు కాస్త పూడిక తీసి వెళ్ళాలి.

ఆ చెలమను తవ్వింది కోరయ్య అనే అడవిపంది. చిన్నప్పుడు కరువులో తల్లి దాహంతో కళ్ళముందే చచ్చిపోతే, ముట్టె నెత్తురోడేదాకా ఇసుక తవ్వాడు. నీళ్ళు ఊరగానే తాను తాగకముందే అందరినీ పిలిచాడు. చుక్కమ్మ అనే జింక ఆ నీళ్ళతోనే బతికింది. అడవికి పెద్దను ఎన్నుకునే రోజు వచ్చినప్పుడు, ఆమె పొదపొదకూ తిరిగి ఈ సంగతే చెప్పింది. జంతువులన్నీ కోరయ్యనే ఎన్నుకున్నాయి.

మొదటి ఏడు కోరయ్య కూడా పూడిక తీశాడు. ముట్టెకు మట్టి అంటితే పెద్దరికం ఏముంటుందని చుట్టూ చేరినవాళ్ళు అన్నారు. అతనికి అది నిజమే అనిపించింది. తవ్వడం మానేశాడు. తనకు జై కొట్టినవాళ్ళు కూడా పూడిక తియ్యనక్కర్లేదని చాటించాడు.

చుక్కమ్మకు మొదట మనసొప్పలేదు. కానీ అప్పుడామె కడుపుతో ఉంది. జై కొట్టి, తాగి వెళ్ళిపోయేది. బిడ్డ పుట్టాక కూడా అదే అలవాటుగా మిగిలింది.

ముసలి ఏదుపంది ముళ్ళవ్వ ఒక్కతే రోజూ పూడిక తీసేది.

"ఏం ముళ్ళవ్వా, జై అనడానికి నోరు రాదా?" అని కుందేళ్ళు ఎగతాళి చేశాయి.

"నా నోరు నీళ్ళు తాగడానికే సరిపోతోందిరా నాయనా," అంది ముళ్ళవ్వ. ఒక్కతి తీస్తే తీరే పూడిక కాదని తెలిసి, ఆమె గుట్ట వెనక్కి వెళ్ళి చిన్న గుంట తవ్వుకుంది.

మరుసటి ఎండాకాలానికి చెలమ బురదైంది. ఆ బురద కూడా ఎండి రాయిలా బిగిసింది. చుక్కమ్మ పిల్ల లేవలేక నాలుక బయటపెట్టి పడిపోయింది. చుక్కమ్మ కోరయ్య దగ్గరికి పరుగెత్తింది.

"పెద్దయ్యా, ఆనాడు నీ తల్లి పడిపోయినట్టే నా బిడ్డ పడిపోయింది. ఒక్కసారి తవ్వు."

కోరయ్య వచ్చాడు. నిజంగానే తవ్వాడు. కానీ ఒకరు తెచ్చిపెట్టిన దుంపలు తిని తిని అతని ముట్టె మెత్తబడిపోయింది. మట్టి మీద గీతలు పడ్డాయి కానీ గుంట పడలేదు.

"ఒకప్పుడు దీన్ని నేనే తవ్వాను," అన్నాడు.

"తెలుసు. అడవంతా తిరిగి చెప్పింది నేనే," అంది చుక్కమ్మ.

చుక్కమ్మ ఏడుపు విని ముళ్ళవ్వ వచ్చి, అందరినీ తన గుంట దగ్గరికి రమ్మంది. ఒక ఏదుపంది గుంటలో అడవికి పెద్ద తాగడమా అని కోరయ్య కదల్లేదు. ఎండిన చెలమ పక్కనే, తల్లిలాగే దాహంతో చచ్చిపోయాడు.

చుక్కమ్మ బిడ్డను నెట్టుకుంటూ తీసుకెళ్ళింది. నీళ్ళు పెదవులకు తగిలాయి. బిడ్డ మింగలేదు.

చాలాసేపటికి చుక్కమ్మ తాను తాగింది. తాగి, గిట్టలతో పూడిక తీసింది. ఆ పని నేర్పడానికి పక్కన బిడ్డ లేదు.

నీతి: నాయకుడు ఒకప్పుడు పడిన కష్టాన్ని చూసి మురిసిపోకూడదు, ఇప్పుడు పడుతున్నాడా అని చూడాలి. అతను మానిన పనిని మనమూ మానితే, ఆ నష్టం మన పిల్లలదే.