రాజుగారిని తన్నాల్సిన పైడయ్య

అనగనగా ఒక రాజ్యం, ఆ రాజ్యానికి కుదురులేని ఒక రాజు. కదలకుండా పడుకుని ఊ కొట్టండి మరి. నువ్వూ కదులుతున్నావుగా అమ్మమ్మా అంటారేం, నాకంటే తుంటి సలుపుతోంది. మీకేం వచ్చింది?

ఆ రాజుకీ ఇదే బాధ. నడుం కింద, పిర్ర పైన, ఎముకలు కలిసే అతుకు దగ్గర ఒకటే పోటు. కూర్చుంటే పోటు, లేస్తే పోటు, మెట్టెక్కితే పోటు, పక్క మీద అటు తిరిగితే పోటు, ఇటు తిరిగితే పోటు. ఊ కొడుతున్నారా?

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు, అంటే తల కాకుండా కాళ్ళు ముందొచ్చి పుట్టినవాళ్ళు తంతే నడుంనొప్పి పోతుందని మనవాళ్ళకో నమ్మకం. అలాంటివాళ్ళని పిలిపించి తన్నించుకున్నాడు రాజు. తన్నినకొద్దీ పోటు పెరిగింది. కోపం నషాళానికెక్కి, ఇకమీదట తన్నినా తగ్గకపోతే తన్నిన కాలు తీయిస్తానని చాటింపు వేయించాడు.

అప్పుడొచ్చింది పైడయ్య వంతు, వాడూ ఎదురుకాళ్ళతో పుట్టినవాడే. పాపం, కల్లుగీసే మనిషి. కాలు పోతే తాటిచెట్టు ఎలా ఎక్కుతాడు? ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి తిరుగుతూనే ఉన్నాడు. అన్నం సయించలేదు. వాడి పెళ్ళాం నూకాలు చంటిపిల్లని చంకనేసుకుని, నేనూ వస్తాను పద అంది.

కొలువులో అందరూ పైడయ్య కాలు చూస్తుంటే నూకాలు రాజు కూర్చున్న తీరు చూసింది. ఒక కాలు మడిచి కింద పెట్టుకుని, బరువంతా ఒక పక్కకే వేసి కూర్చున్నాడు. లేచేటప్పుడు నడుం మెలితిప్పి ఒంటికాలి మీద లేచాడు. కడుపుతో ఉన్నప్పుడు దానికీ సరిగ్గా అక్కడే పోటు. పైడయ్య కాలెత్తాడు. నూకాలు అడ్డం వెళ్ళి నిలబడింది.

"తన్నకు మావా. బాబుగారూ, నొప్పెట్టిన అతుకుని తంతే ఊరుకుంటాదా? నాకూ వచ్చిందండి ఈ నొప్పి. రెండు కాళ్ళూ నేలకి ఆనించి కూకోండి, రెండు కాళ్ళ మీదా లెగండి. పక్క మీద తిరిగినప్పుడు మోకాళ్ళు రెండూ కలిపి తిరగండి. పక్కకి తొంగుంటే మోకాళ్ళ మధ్య తలగడ పెట్టుకోండి. తగ్గలేదా, నా కాలు తీయించండి."

రాజుకి నామోషీ. అయినా గొణుక్కుంటూనే చెప్పినట్టు కూర్చున్నాడు, తలగడా పెట్టుకున్నాడు. ఒక్క రోజులో తగ్గుతుందా? తగ్గలేదు. మర్నాడూ తగ్గలేదు. మొగుడూ పెళ్ళాం కోట వసారాలోనే ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నారు. అలా రోజులు గడిచాక ఒక పొద్దున కొలువు వేళ దాటినా రాజు బయటికి రాలేదు. పెళ్ళాం కాలుతో పాటు తన కాలూ పోతుందని పైడయ్య తన కాలు తనే పట్టుకుని ఏడుస్తున్నాడు. లోపలికెళ్ళి చూస్తే ఏముంది, మోకాళ్ళ మధ్య తలగడతో రాజు గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు.

నొప్పి పూర్తిగా పోలేదర్రా. ఒంకరగా కూర్చున్న రోజున మళ్ళీ వచ్చేది, సరిగ్గా కూర్చుంటే సద్దుకునేది. పైడయ్య తన రెండు కాళ్ళతోనూ చెట్టెక్కాడు, కింద నూకాలు నవ్వుతూ నిలబడింది. నొప్పెట్టిన చోట కొట్టకూడదు, ఎందుకు నొప్పెడుతోందో చూసుకోవాలి.

కథ కంచి దారి పట్టింది, మనం నిద్ర దారి పడదాం. ఒరే సూరిగా, నీ తలకింద రెండు దిళ్ళెందుకు? ఒకటి ఇలా తెచ్చి నా మోకాళ్ళ మధ్య పెట్టు. ఆ, అలా. ఇంక నేనూ కదలను, మీరూ కదలకండి.