లాగి చూసిన గూడు

ముందు వరుసలో అమ్మలు కాస్త సర్దుకోండి, వెనకాల నిలబడ్డ పెద్దాయనకు చోటు దొరుకుతుంది. ఆఁ, అలా. గోవింద నామం ఒక్కసారి గట్టిగా చెప్పుకుందాం. గోవిందా! బాగుంది, వాగు అవతలికి కూడా వినిపించి ఉంటుంది. వాగు అన్నాను కాబట్టి అక్కడికే పోదాం పదండి.

ఆ వాగు మీదికి ఒరిగి ఒక తుమ్మచెట్టు ఉంది. ఆషాఢం రాగానే దాని కొమ్మలన్నీ గిజిగాళ్లతో నిండిపోతాయి. గిజిగాడంటే తెలుసుగా? పసుప్పచ్చ తలపాగా చుట్టినట్టుండే బుల్లిపిట్ట. చేతుల్లేవు, మగ్గం లేదు, సూది లేదు. స్వామి ఇచ్చింది ఒక్క ముక్కు. దాంతోనే వరి ఆకును సన్నగా చీల్చి, పోగు మీద పోగు వేసి, గాల్లో వేలాడే ఇల్లు అల్లేస్తాడు.

వాళ్లలో ఒక ఆచారం ఉంది. మగపిట్ట గూటిని సగం అల్లి ఆగాలి. ఆడపిట్ట వస్తుంది, చుట్టూ చూస్తుంది, ముక్కుతో పట్టి గట్టిగా లాగుతుంది. నచ్చిందా, లోపలికెళ్లి కూర్చుంటుంది. సంసారం మొదలు. నచ్చలేదా, ఎగిరిపోతుంది. ఆ సగం గూడు సగంగానే ఎండిపోతుంది.

పోగయ్య అనే గిజిగాడివి అలా మూడు గూళ్లు ఎండిపోయాయి.

మూడోదాన్ని చూడ్డానికి పైడమ్మ వచ్చింది. వాలింది, లాగింది, తల అటూ ఇటూ తిప్పింది, ఏదో అనబోయింది. అప్పటికే పోగయ్య ముఖం మాడ్చుకుని అటు తిరిగి కూర్చున్నాడు. ఇంకేం చెబుతుంది? వెళ్లిపోయింది.

పక్క కొమ్మవాడు ఊరుకుంటాడా?

“ఏం పోగన్నా, ఇవాళ కూడా తోరణమేనా? చెట్టును భలే అలంకరిస్తున్నావు!”

“నీ గూడు నువ్వు చూసుకోరా.”

“చూసుకోవడానికి మా ఆవిడ ఉందిగా!”

చెట్టంతా కిచకిచమంది. పోగయ్య రోజులు లెక్కపెట్టుకున్నాడు. ఇంకో పదిహేను రోజులైతే ఆకు ముదిరిపోతుంది, పోగులు చీలవు. అంటే ఒక్క గూటికే సమయం. అదీ కాదనిపించుకుంటే ఈ ఏడాదంతా ఒంటరి బతుకే.

చెట్టు కింద పొదలోంచి ఇదంతా వింటున్నాడు జంబయ్య. నక్క. మెల్లగా బయటికొచ్చి తోక సర్దుకున్నాడు.

“పోగయ్య బావా! నువ్వు బాధపడటమేమిటి? నీ పనితనం ఆ మొద్దుపిట్టలకేం తెలుసు?”

“మూడుసార్లు కాదన్నారు బావా. నాకు పని రాదేమో.”

“ఛఛ! తప్పు పనిలో లేదు, చోటులో ఉంది. అంత పైన కడితే చూసేదెవరు? ఇదిగో, ఈ కింది కొమ్మకు కట్టు. నా తలకు మూరెడు ఎత్తు, వాగు మీదికి వంగి ఎంత సొగసుగా ఉంది! నాలుగు కాళ్లవాళ్లందరినీ పిలుచుకొస్తాను. కాదనేవాడు ఒక్కడుండడు.”

నవ్వుతున్నారంటే మీకు తెలిసిపోయిందన్నమాట. గూడు కిందికి దిగితే గుడ్లూ దిగుతాయి. కానీ దెబ్బతిన్న మనసుకు తీపిమాట చెవిన పడితే ముందూ వెనకా చూడదమ్మా. పోగయ్య కింది కొమ్మకు దిగాడు.

మొదటి పోగు చుట్టగానే “అబ్బ!” అన్నాడు జంబయ్య. రెండో పోగుకు “బ్రహ్మదేవుడు నీ దగ్గర పాఠం నేర్చుకోవాలి!” అన్నాడు. ఆ పూటంతా పోగయ్య ఛాతీ దించలేదు. మర్నాడు ముక్కు జారి పోగు కిందపడింది.

“ఆహా! ఆ పడటంలో ఎంత అందం!”

పోగయ్య ఆగిపోయాడు. వంగి చూశాడు. జంబయ్య కళ్లు అల్లిక మీద లేవు. కొమ్మ ఎంత ఎత్తుందో చూసుకుంటున్నాయి.

ఊరికే నాలుగు ఆకులు ఉండచుట్టి, చిక్కుచేసి, కొమ్మకు తగిలించాడు పోగయ్య.

“బావా, ఇదెలా ఉంది?”

“ఇదా! నువ్వు చేసినవాటన్నిటికంటే గొప్పది. మరి గుడ్లు... అదే, సంసారం ఎప్పుడు?”

పోగయ్యకు అప్పుడు తెలిసొచ్చింది. ‘వాళ్లు కాదన్నారు, నిజమే. కానీ కాదనేముందు ముక్కు నొప్పి పుట్టేలా లాగి చూశారు. ఈయనగారు ఒక్కసారి ముట్టుకోకుండానే నన్ను ఆకాశానికెత్తాడే!’

ఆ చిక్కు మీదే ఇంకో గుప్పెడు ఆకు అడ్డదిడ్డంగా చుట్టాడు. మర్నాడు పొద్దున్నే పిలిచాడు.

“బావా, నువ్వు అన్నిటికంటే గొప్పదన్నావే, అదిగో. కానీ మాలో ఒక పద్ధతుంది. మెచ్చినవాళ్లు పట్టి లాగి చూడాలి. ఈ చెట్టు మీదివాళ్లంతా చూసేలా ఒక్కసారి లాగు.”

“లోపలేమైనా ఉందా?”

“పట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది.”

జంబయ్య నోట్లో నీళ్లూరాయి. నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక్క గెంతు గెంతి గూటిని పళ్లతో పట్టాడు. నాలుగు కాళ్లూ వాగు మీద వేలాడాయి. చిక్కు చిక్కంతా జర్రున విడిపోయింది. దభీమని వాగులో పడ్డాడు!

కింద నీళ్లలో పడుకున్న గేదె ఒక కన్ను తెరిచింది.

“ఏం నాయనా, ఇలా వచ్చావు?”

“గూటిని... బుడుంగ్... మెచ్చుకుంటున్నానమ్మా!” అంటూ కొట్టుకుపోయాడు.

చెట్టంతా విరగబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది పైడమ్మ. పోగయ్య తిన్నగా ఆమె దగ్గరికి ఎగిరాడు.

“మొన్న నా గూడు ఎందుకు వద్దన్నావు?”

“ఇప్పుడా అడగడం? అప్పుడు ముఖం తిప్పుకున్నావు, చెబితే పొడిచేలా ఉన్నావు.”

“ఇప్పుడు చెప్పు. పొడవను.”

“అల్లిక బాగుంది. కొమ్మకు వేసిన మొదటి చుట్టే వదులు. గాలికి గూడు గిర్రున తిరుగుతోంది. పిల్లలు బతకొద్దూ?”

“మిగతా రెండూ?”

“నేను చూడలేదు. చూసినవాళ్లనే అడుగు.”

అడిగాడండీ! ఒకావిడ “ఎండాకు వాడావు, పుటుక్కున తెగింది” అంది. ఇంకొకావిడ “వాకిలి వానకెదురుగా పెట్టావేం?” అంది. ఒక్కో మాట ముల్లులా దిగింది. దిగనిచ్చాడు. ‘ముక్కిచ్చిన స్వామీ, చెవులు కూడా ఇచ్చావు, మరిచిపోయాను’ అని ఆకాశానికి తలవంచి, పచ్చి ఆకు కోసం పొలానికెళ్లాడు.

మొదటి చుట్టుకే ఒక రోజు పట్టింది. విప్పాడు, వేశాడు, తనే వేలాడి చూసుకున్నాడు. పన్నెండో రోజుకు పై కొమ్మన నాలుగో గూడు సగానికి వచ్చింది. పైడమ్మ వచ్చింది. ఈసారి పోగయ్య ముఖం తిప్పుకోలేదు. ఆమె లాగింది. ఇంకోసారి లాగింది. తలకిందులుగా వేలాడి ఊగింది.

“ఊఁ” అంది.

అంతే. లోపలికెళ్లి కూర్చుంది. పోగయ్య ఊపిరి పీల్చుకునేలోపే లోపల్నుంచి గొంతు వినిపించింది.

“ఆ వాకిలి గొట్టం ఇంకో జానెడు పొడుగు అల్లు! జల్లు కొడుతుంది.”

ఒక తప్పు విని పోగయ్య అంత సంతోషించడం అదే మొదలు. గాల్లో ఒక గిరికీ కొట్టి ఆకుకోసం ఎగిరాడు.

జంబయ్య సంగతా? అక్కడెక్కడో దిగువ ఒడ్డున తోక ఆరబెట్టుకుంటూ, “ఈ రోజుల్లో మంచి మాట అనడమే తప్పయిపోయిందండీ” అని దారినపోయే తాబేలుకు చెప్పుకుంటున్నాడట.

కాబట్టి నాయనలారా, కాదన్నవాళ్లను ఎందుకని అడగండి, ముట్టుకోకుండా మెచ్చినవాళ్లకు ఒక దణ్ణం పెట్టండి, మళ్లీ పనిలో కూర్చోండి.